పది నిమిషాల నడక

జనవరి 9

టవర్ల తరఫున మాట్లాడే టై ఆయన ఇవాళ మళ్ళీ మా మున్సిపల్ ఆఫీసుకి వచ్చాడు. అదే టై, అదే నవ్వు. నాలుగొందల ఫ్లాట్లకి చివరి అనుమతి కావాలి గానీ, వాటిలో దిగబోయే జనానికి రోడ్డూ పార్కూ ఎక్కడి నుంచి ఊడిపడతాయో ఆయనకి పట్టదు. కొత్త జనం వల్ల ఊరి మీద పడే భారానికే ఈ ప్రభావ రుసుము అని పదోసారి చెప్పాను. మేం కట్టిన డబ్బు మావాళ్ళకే ఖర్చు పెడతారా అని అడిగాడు. పెడతాం, పెట్టక తప్పదు, చట్టమే అలా ఉంది. కొత్తవాళ్ళ పేరున తీసుకున్నది కొత్తవాళ్ళకే ఉపయోగపడాలి. పాత వీధికి ఎన్నాళ్ళుగానో పార్కు లేకపోతే అది పాత లోటు. దాన్ని ఈ డబ్బుతో పూడ్చకూడదు. పార్కు ఎక్కడ పెట్టినా టవర్ల గేటు నుంచి పది నిమిషాల నడకలో ఉండాలి.

నిద్రలో లేపి అడిగినా ఇదంతా చెప్పగలను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నా రిపోర్టులో ఒక్క అంకె తప్పని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే నెట్టుకొస్తే పెన్షన్.

జనవరి 12

ఆదివారం కదా, చెల్లి ఇంటికి వెళ్ళాను. మురుగు కాలవకి అటు టవర్లు లేస్తున్నాయి, ఇటు చెల్లి వాళ్ళ వీధి. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, వాటి చుట్టూ స్కూలు యూనిఫారాల గుట్టలు. నేను వెళ్ళగానే కుర్చీ మీది చొక్కాలు తీసేసి, ఫ్యాను నా వైపు తిప్పి, టీ పెడతానంది. మొగుడు వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టి పదేళ్ళయినా దానికి ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో.

ఇల్లు నాన్నది. చెల్లి పేర రాశారు. చూసుకున్నది అదే కాబట్టి న్యాయమే. నాకు వాటా అక్కర్లేదని నేనే సంతకం పెట్టాను, అదీ నవ్వుతూనే. నాన్న పోయిన రోజున మాత్రం పోయాకే నాకు ఫోన్ చేసింది. "మీటింగ్‌లో ఉంటావనుకున్నానక్కా" అంది. ఏడేళ్ళయింది. నాకేం మనసులో లేదు.

జనవరి 20

పార్కుకి రెండు స్థలాలు తేలాయి. ఒకటి టవర్ల గేటు పక్కనున్న పాత గోడౌను, నాలుగు నిమిషాల నడక. రెండోది కాలవకి ఇటు, పాత వీధి చివరి మూడిళ్ళు. కాలవ మీద నడకదారి వంతెన కట్టబోతున్నారు, అదీ టవర్లవాళ్ళు కట్టే రుసుములోంచే. అది వస్తే రెండో స్థలానికి సరిగ్గా పది నిమిషాలు. ప్రస్తుతానికి పెద్ద వంతెన చుట్టూ తిరిగి రావాలి, అదెంతో ఎవరూ కొలవలేదు.

మార్కుల పట్టిక వేశాను. గోడౌనుకి అరవై ఒకటి, మూడిళ్ళకి అరవై నాలుగు. మూడిళ్ళని ముందుకి తెచ్చింది నీడే. గోడౌనులో గడ్డిపరక కూడా లేదు, మూడో ఇంటి పెరట్లో పెద్ద బాదం చెట్టుంది. నీడకి పదికి తొమ్మిది వేశాను. వేసింది నేను కాదు, చెట్టు తెచ్చుకుంది.

మూడో ఇల్లు చెల్లిది.

ఫైల్లో బంధువుల ఆస్తి ఉంటే ఆ అధికారి తప్పుకోవాలని నిబంధన. చెల్లి ఇంటిపేరు వేరు. ఎవరూ అడగలేదు.

జనవరి 21

నిజంగానే ఆ చెట్టు నీడ బాగుంటుంది.

ఫిబ్రవరి 6

పెద్దసారు పిలిచారు. నడకదారి వంతెన రద్దు. ఆ డబ్బుతో టవర్ల గేటు ముందు కార్లు తిరగడానికి వేరే వరుస వేస్తారట. "నడిచేవాళ్ళు ఎవరమ్మా, ఆ ఫ్లాట్లలో ఇంటికి రెండేసి కార్లుంటాయి" అన్నారు. రద్దు కాగితం నేనే తయారుచేశాను, సంతకం పెట్టాను.

అంటే పార్కు రిపోర్టులో పది నిమిషాలు అన్నది ఇక చెల్లదు. మార్చాలి. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 7

మార్చాలి.

ఫిబ్రవరి 11

మ్యాపులు గీసే ఆవిడ నా టేబుల్ దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది. వంతెన తీసేశారు కదా మేడమ్, మరి ఈ పది నిమిషాలు అలాగే ఉంచారు, అంది. అందరి ముందూ. ఒళ్ళు మండింది. మీ గీతలు మీరు గీసుకోండి, రాతలు నేను చూసుకుంటాను అన్నాను. పాపం, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా నాతో పనిచేస్తోంది, ఇంకోసారి అడగదు.

సాయంత్రం రిపోర్టు పైకి పంపాను. పది నిమిషాలు అలాగే ఉంది. వంతెన ఇవాళ కాకపోతే పదేళ్ళకైనా వస్తుంది. రిపోర్టన్నది రేపటి కోసం రాసేది.

ఫిబ్రవరి 16

టవర్ల గేటు నుంచి చెల్లి గుమ్మం దాకా నడిచాను. వాచీ చూసుకుంటూ, మామూలు నడకే. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఎందుకు నడిచానో నాకే తెలీదు, నడక మంచిదని డాక్టరు చెబుతూనే ఉన్నాడు.

చెల్లి నన్ను చూసి కంగారుపడిపోయింది. ఎండలో అంత దూరం నడిచి రావడమేంటి, ఫోన్ చేస్తే ఆటో పంపేదాన్ని కదా అని ఒకటే గోల. నా కాళ్ళు వాచాయని స్టూలు తెచ్చి వాటి కింద పెట్టింది. దాని మంచితనం చూస్తే నాకు ఊపిరాడదు. చిన్నప్పటి నుంచీ అంతే, ఇంటికొచ్చినవాళ్ళంతా దాన్నే ఎత్తుకునేవాళ్ళు. నేను పక్కనే నిలబడి ఎక్కాలు అప్పజెప్పేదాన్ని.

మార్చి 3

నోటీసు అందినట్టుంది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. మీ ఆఫీసు నుంచే వచ్చిందక్కా, నీకు తెలుసా అని అడిగింది. అది పైవాళ్ళ నిర్ణయం, మాదాకా రాదు అన్నాను. నేను ఎంతో చిన్న ఉద్యోగిని అన్నట్టు మాట్లాడాను. నమ్మింది. దానికి నమ్మడం ఒక్కటే వచ్చు.

మిగతా రెండిళ్ళవాళ్ళు పరిహారం తీసుకుని వెళ్ళిపోవడానికి ఎగిరి గంతేస్తున్నారట. అభ్యంతరం చెప్పేది ఇదొక్కతే. ఈ ఇల్లు పోతే నా మిషన్లు ఎక్కడ పెట్టుకోవాలి, ఈ వీధి దాటితే నాకెవరు పనిస్తారు అంది. ఆదివారం వస్తానన్నాను.

మార్చి 9

తెల్లకాగితాలు, పెన్ను అన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకుంది. "నాకు ఆఫీసు భాష రాదక్కా, నువ్వే రాసిపెట్టు" అంది. నేను రాయకూడదు, నువ్వే రాయి, నేను చెబుతాను అన్నాను. నా చేతిరాత ఆఫీసులో బల్లలకి కూడా తెలుసు.

చెప్పాను. ఇంత బాగా నేను జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు. నాన్న ఒక్కో ఇటుకా తడిపి కట్టుకున్న ఇల్లని, పెరట్లో బాదం చెట్టు మా అమ్మ చేత్తో పాతిందని, ఈ గడప దాటి నేను ఎక్కడికి పోనని. "మా నాన్నగారు ఆఖరి శ్వాస విడిచిన గది ఇది" అనేసరికి చెల్లి పెన్ను కింద పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కడుపు మండిపోయింది. ఆ గదిలో ఆ రోజు నేను లేను. నన్ను లేకుండా చేసింది ఇదే. అది కళ్ళు తుడుచుకునేదాకా ఆగి, "గది" తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టమన్నాను.

రెండు పేజీలు వచ్చింది. కమిటీలో ఇద్దరు ముగ్గురి కళ్ళు చెమర్చడం ఖాయం. చెమర్చిన కళ్ళతోనే కొట్టేస్తారు. ఫైలుకి కన్నీళ్ళతో పనిలేదు, దానికి కావలసింది ఒక్క వాక్యం. వంతెన రద్దయింది కాబట్టి ఈ స్థలం టవర్లవాళ్ళకి పది నిమిషాల నడకలో లేదు, కాబట్టి వాళ్ళ డబ్బు ఇక్కడ పెట్టడానికి వీల్లేదు. అంతే. ఆ ఒక్క వాక్యం చెబితే ఇల్లు నిలుస్తుంది.

నేను ఆఫీసరును. ఆఫీసరు అయి ఉండి అభ్యంతరం చెప్పేవాళ్ళకి ఆధారం అందిస్తే అది తప్పు. సొంత చెల్లెలికి అందిస్తే ఇంకా పెద్ద తప్పు. పద్ధతి ప్రకారం నడుచుకున్నాను.

వచ్చేటప్పుడు నా భుజం మీద తల పెట్టింది. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో అంది.

మార్చి 10

అభ్యంతరం అందినట్టు నేనే ముద్ర వేశాను.

మార్చి 14

ఎవరో దానికి వకీలుని కలవమని చెప్పారట. వెళ్ళి కలిసిరా, మంచిదే కదా అన్నాను. ఫోన్ పెట్టేశాక లేచి వెళ్ళి నకళ్ళ రిజిస్టరు చూశాను. మూడు రోజుల కిందటే డబ్బు కట్టి ఫైలు మొత్తానికి నకలు తీసుకుంది, నాకు చెప్పనేలేదు. నకలు ఇచ్చే కౌంటర్ నా టేబుల్‌కి పది అడుగుల దూరంలో ఉంది.

మార్చి 21

వకీలు ఏమన్నాడని వారం రోజులు అడగలేదు. ఇవాళ ఉండబట్టలేక అడిగాను. "లాభం లేదన్నాడక్కా" అంది. గొంతు మామూలుగానే ఉంది.

ఈ కాలం వకీళ్ళకి చదవడం రాదు. నూట పద్నాలుగు పేజీల ఫైల్లో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎవరికుంది? హాయిగా భోంచేశాను.

మార్చి 27

విచారణ జరిగింది. కమిటీ ఎత్తు వేదిక మీద, నేను కింద అధికారుల బల్ల దగ్గర, చెల్లి ఎదురుగా మైకు ముందు. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వచ్చింది. రెండు పేజీలూ చదివింది. నేను చెప్పిన చోటల్లా సరిగ్గా ఆగింది. అనుకున్నట్టే ఒకావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

అధ్యక్షుడు మంచాయన. "మీ బాధ అర్థమైందమ్మా. ఇది కాక ఇంకేమైనా ఆధారం ఉందా?" అని అడిగాడు. చెల్లి సంచిలో చెయ్యి పెట్టింది. అందులో ఏవో కాగితాలున్నాయి, మడతపెట్టి. అప్పుడు నా వైపు చూసింది. నేను ఫైల్లో పేజీ తిప్పాను.

"లేదండీ" అంది.

అద్దాలు తుడుచుకున్నావిడ ఊరుకోక నన్ను అడిగింది, ఈ స్థలం టవర్లకి ఎంత దూరమని. లేచి నిలబడ్డాను. "పది నిమిషాల నడకండీ" అన్నాను. ఫైలు చూడకుండానే. చెల్లి తల వంచుకుని సంచి జిప్పు వేసుకుంది.

అభ్యంతరం కొట్టేశారు. మెట్ల మీద కలిస్తే, అలిసిపోయినట్టున్నావు, మంచినీళ్ళు తాగావా అని అడిగింది నన్ను.

మార్చి 28

నాకేం మనసులో లేదు.

ఏప్రిల్ 19

మ్యాపులావిడ బదిలీ అడిగి వెళ్ళిపోయింది. కారణం ఏమీ రాయలేదు. వెళ్ళేముందు అందరికీ చెప్పింది, నాకు తప్ప.

మే 19

ఇల్లు పడగొట్టేశారు. నేను వెళ్ళకూడదనుకున్నాను, పెద్దసారు పంపారు, అధికారి ఒకరు దగ్గరుండాలట. పొక్లెయిన్ తిరగడానికి చోటు చాలలేదని ముందు బాదం చెట్టు నరికేశారు. పార్కుకి నీడ కావాలి కదా అని కాంట్రాక్టర్‌తో అన్నాను. గొడుగుల్లాంటివి పెడతాం మేడమ్, ఇనపవి అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆ మూడు మార్కుల తేడా ఎగిరిపోయింది.

ముందు గది గోడ పడినప్పుడు లోపలి నీలం రంగు కనిపించింది. చెల్లి నా పక్కనే నిలబడి చూసింది. దుమ్ము నా మీద పడకుండా తన చున్నీ అడ్డం పెట్టింది.

వేరే చోట గది దొరికేదాకా నీ దగ్గరుంటానంది. కాదని ఎలా అంటాను? మిషన్లు ఆటోలో వచ్చాయి.

మే 22

మిషను చప్పుడు. పొద్దున్న ఆరుకే మొదలు. ఇక్కడెవరూ పనివ్వరు, పాత చొక్కాలు విప్పి మళ్ళీ కుడుతోంది.

మే 25

ఇవాళ్టిది రాయాలి.

గది వెతుకుతున్నావా అని అడిగాను. మామూలుగానే అడిగాననుకుంటాను. చెల్లి మిషను ఆపి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "వెతకట్లేదక్కా. నేను ఇక్కడే ఉంటాను. నీకు ఎవరో ఒకరు తోడుండాలి" అంది.

నాకెందుకు తోడు అన్నాను. అప్పుడు చెప్పింది.

"వకీలు నిమిషంలో పట్టుకున్నాడు. వంతెన రద్దయిన కాగితం మీద నీ సంతకం, పది నిమిషాలని ఉన్న కాగితం మీదా నీ సంతకమే. ఈ రెండూ కమిటీ ముందు పెడితే ఇల్లు నిలుస్తుందమ్మా, కాకపోతే ఈ సంతకం పెట్టినావిడ ఉద్యోగం పోతుంది, పెన్షనూ ఆపేస్తారు అన్నాడు. ఆవిడ మా అక్కండీ అన్నాను. ఆయన ఆ రెండు కాగితాలూ మడిచి నా చేతికిచ్చేశాడు."

ఆ రోజు సంచిలో ఉన్నవి ఆ కాగితాలే. అధ్యక్షుడు అడిగినప్పుడు దాని చేతిలో ఇల్లుంది. నన్ను చూసి జిప్పు వేసేసింది.

ఇది కోపంతో చెప్పి ఉంటే నేను బతికిపోయేదాన్ని. నా చెయ్యి నిమురుతూ చెప్పింది. నీకు చిన్నప్పటి నుంచీ లెక్క తప్పిందే లేదు, అలాంటిదానివి ఇంత పెద్ద విషయం మర్చిపోయావంటే ఒంట్లో ఏదో బాగాలేదన్నమాటే, అంది. విచారణలో నువ్వు లేచి పది నిమిషాలని ఎంత ధీమాగా చెప్పావో చూశాక ఖాయమైపోయిందక్కా, నీకు అసలు గుర్తే లేదు, అంది. నాన్నకీ ఇలాగే మొదలైందట. ముందు అంకెలు పోయాయట, తర్వాత మనుషులు. "ఆఖర్లో నన్ను చూసి నువ్వనుకునేవారు. నీ పేరు పెట్టే పిలిచేవారు. కాదంటే ఏడ్చేవారు, అందుకని నేను పలికేదాన్ని. ఆ రోజు కూడా నీ పేరే పిలిచారు, నేనే పలికాను. ఆయన పక్కన నువ్వున్నావనే అనుకుని పోయారక్కా. అది నీకు ఎలా చెప్పాలో తెలీక మీటింగ్ అని ఏదో అనేశాను."

నాకు దాని మీద అరవాలనిపించింది. నేనా మర్చిపోయేది? ఇరవై ఆరు నిమిషాలు! వాచీ పెట్టుకుని నడిచాను! మొదట వచ్చింది సిగ్గు కాదు, పౌరుషం. అది వచ్చినందుకు తర్వాత సిగ్గేసింది. సిగ్గేసినందుకు మళ్ళీ దాని మీదే కోపం వచ్చింది.

"మర్చిపోయావు కదక్కా?" అంది. దాని కళ్ళలో మొదటిసారి భయం చూశాను. కాదంటే మిగిలేది ఏమిటో దానికీ తెలుసు.

"మర్చిపోయాను" అన్నాను.

హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, లేచి వెళ్ళి నాకు పాలు వెచ్చబెట్టింది.

మే 31

తలుపు వెనక కాగితం అంటించింది. గ్యాసు, తాళం, ఫోను, కళ్ళద్దాలు. పొద్దున్న నేను బయల్దేరేముందు నా చేత పైకి చదివిస్తుంది.

జూన్ 5

ఆఫీసు గేటు దాకా వచ్చి దింపుతోంది, సాయంత్రం వచ్చి తీసుకెళుతోంది. గేటు దగ్గర కాపలా ఆయనకి ఏం చెప్పిందో, ఆయన ఇవాళ నన్ను చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు.

జూన్ 11

పార్కు తెరిచారు. రిబ్బను కత్తిరించడానికి పెద్దసారు, టై ఆయన కారులో వచ్చారు. కాలవ అటు నుంచి నడిచి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఇనప గొడుగుల కింద బెంచీలు వేడెక్కి ఉన్నాయి. చెల్లి గేటు దగ్గర నిలబడి, ముందు గది ఇక్కడుండేది కదూ అని నన్ను అడిగింది. నన్ను పరీక్షిస్తోందని అర్థమైంది. నాకు అంగుళాలతో సహా గుర్తుంది.

"ఏమో, సరిగ్గా గుర్తులేదే" అన్నాను.

జూన్ 18

నిజం చెప్పేద్దామని మూడు రోజులుగా అనుకుంటున్నాను. చెబితే అది వెళ్ళిపోతుంది. వెళ్ళడానికి దానికి చోటు లేదు. దాని కోసమే చెప్పడం లేదు.

జూన్ 21

చెల్లి నన్ను జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కుర్చీ నా కుర్చీకి ఆనించి వేసుకుని కూర్చుంది. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల అని అడిగాడు, చెప్పాను. చెల్లి మొహం విప్పారింది. అంతలోనే అనుమానంగా నా వైపు తిరిగింది. ఇంత బాగా గుర్తున్న మనిషి వంతెన సంగతి ఎలా మర్చిపోయిందన్న ఆలోచన దాని కనుబొమల మధ్య మొదలవడం నేను చూశాను.

వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నాడు డాక్టరు. తొంభై మూడు అన్నాను. తర్వాతది నాలుక చివరే ఉంది. అయిదో ఏట నాన్న ముందు నిలబడి గడగడా చెప్పేదాన్ని ఈ లెక్క.

"ఎనభై ఏడు" అన్నాను.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. చెల్లి నా చెయ్యి పట్టుకుంది, ఇంటికొచ్చేదాకా వదల్లేదు.